ఆ తల్లి చూపు బిడ్డ మీద లేదు

మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. గ్రీకు పాలరాతి విగ్రహాలు సగం చూసేసరికే ఆమెకి మోకాళ్ళు పట్టేశాయి. కూర్చోడానికి బెంచీ వెతుక్కుంటూ ఆఫ్రికా గదుల్లోకి వచ్చాం. బెంచీ కనిపించింది గానీ అమ్మ కూర్చోలేదు. దాదాపు నాలుగడుగుల ఎత్తున్న ఒక చెక్క బొమ్మ ముందు ఆగిపోయింది. కూర్చుని ఉన్న ఆడమనిషి, ఆమె ఒంటిని కరుచుకుని పసిబిడ్డ. అమ్మ చాలాసేపు చూసి, "ఏటే, ఈవిడ పిల్లకేసి చూడదేటి?" అంది.

కాసేపాగి జవాబు కూడా తానే చెప్పుకుంది. "కన్నతల్లి దిష్టి తగలకూడదనేమో." ఇంకో మాట కూడా అంది. "ఒంటికి నూని రాసినట్టుందే, ఎలా మెరిసిపోతందో."

దిష్టి మనది. దాన్ని తీసుకెళ్ళి మాలి దేశపు బొమ్మకి అంటించలేను. కానీ ఆ ప్రశ్న మాత్రం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఎక్కడ ఆఫ్రికా తల్లీబిడ్డల బొమ్మ కనిపించినా ముందు ఆ తల్లి కళ్ళు ఎటు ఉన్నాయో చూస్తున్నాను. నేను చూసినవాటిలో దాదాపు అన్నిట్లోనూ ఒకటే. బిడ్డ రొమ్ము దగ్గర ఉంటుంది, ఒళ్ళో ఉంటుంది, వీపు మీద ఉంటుంది. తల్లి ముఖం మాత్రం నిటారుగా ముందుకే ఉంటుంది.

అయినా ఈ బొమ్మల గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది రాసేది ఒకటే మాట: మాతృప్రేమ. తల్లి ప్రేమకి దేశం లేదు, రంగు లేదు అని. మదర్స్ డే రోజున ఫోన్లలో తిరిగే ఫొటోల కింద అదే. పాత యూరప్ రాతల్లో అయితే ‘ఆఫ్రికా మడోన్నా’ అని ఇంకో అడుగు ముందుకేశారు. మేరీమాత ఒళ్ళో బాలయేసుని చూసి చూసి అలవాటైన కళ్ళకి ఏ తల్లిని చూసినా ఆవిడే కనిపించింది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. అది మెచ్చుకోలులా వినిపిస్తుంది, నిజమే. కానీ ఆ మెచ్చుకోలు కింద ఈ బొమ్మల అసలు సంగతంతా మునిగిపోతుంది. ఈ బొమ్మలు ప్రేమని చూపించడానికి చెక్కినవి కావని, వీటిలో చాలావాటి వెనక బిడ్డలు దక్కని ఆడవాళ్ళు ఉన్నారని నా వాదన.

అమ్మ ఆగిన బొమ్మతోనే మొదలుపెడతాను. దాని పేరు గ్వాన్‌దుసు. మాలి దేశం దక్షిణాన బుగుని, జోయిలా ప్రాంతాల్లో బమనా జనం చెక్కింది. మ్యూజియం వాళ్ళు 15వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదళ్ళ దాకా ఎప్పటిదైనా కావచ్చు అంటారు. దగ్గరికెళ్ళి చూస్తే ముందు కనిపించేది బిడ్డ కూడా కాదు. తల మీద తాయెత్తులు పొదిగిన టోపీ, చేతికి కట్టుకున్న కత్తి. ఆ ఊళ్ళలో ఈ రెండూ పేరున్న వేటగాళ్ళు ధరించేవి. అడవిలోకి ఒంటరిగా వెళ్ళి, జంతువు ప్రాణం తీసి, దాని ఉసురు తనకి తగలకుండా కాచుకుని తిరిగొచ్చే మగాడి సరంజామా అది. దాన్ని తీసి ఒక తల్లికి పెట్టారు. గ్వాన్‌దుసు అన్న పేరులోనే మామూలు మనుషులకి ఉండని బలం, గుండెలో మండే ధైర్యం అనే అర్థం ఉంది. కత్తి కట్టుకుని కూర్చున్న ఈవిడ దగ్గర లాలిపాట ఎక్కడ వినపడుతుంది?

బమనా ఊళ్ళలో ‘జో’ అనే దీక్షా సంఘం ఉంది. ఆడా మగా ఇద్దరూ అందులో ఉంటారు. దానికి అనుబంధంగా ‘గ్వాన్’ ఉంది. కడుపు పండని ఆడవాళ్ళు, కాన్పులు నిలవని ఆడవాళ్ళు వెళ్ళేది ఈ గ్వాన్ దగ్గరికి. మొక్కుకుంటారు, బలులిస్తారు. బిడ్డ పుట్టి నిలిచిందా, ఆ బిడ్డని గ్వాన్‌కి అప్పజెప్పి ఆ బొమ్మల పేర్లే పెడతారు. మాలిలో ఏ ఊళ్ళోనైనా ఒక చెక్క బొమ్మ పేరు పెట్టుకుని తిరిగే మనిషి ఉంటే, ఆ మనిషి పుట్టకముందు వాళ్ళమ్మ ఏం పడిందో ఆ పేరే చెప్పేస్తుంది.

ఈ సంగతి చదివిన రాత్రి నాకు మా తవిటయ్య తాత గుర్తొచ్చాడు.

మాది విజయనగరం వైపు. తవిటయ్య తాత మా అమ్మమ్మకి తమ్ముడు, అమ్మకి మేనమామ. ఆయనకంటే ముందు ముగ్గురు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పురిట్లో, ఇద్దరు ఏడాది నిండకుండా. నాలుగోవాడు పుట్టగానే వాళ్ళమ్మ వాణ్ణి చేటలో వేసి, తీసుకెళ్ళి పెంట మీద పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసింది. పక్కింటామె పోయి తెచ్చుకుంది. మా ముత్తమ్మమ్మ ఆమెకి కుంచెడు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుంది. తవుడికి కొన్న బిడ్డ కాబట్టి తవిటయ్య. పశువులకి పెట్టే తవుడికి మారుబేరమైన వాడి మీద ఏ దేవుడికి ఆశ పుడుతుంది? మా వైపు తవిటినాయుడు, తవిటమ్మ, పెంటయ్య, పెంటమ్మ అని ఇప్పటికీ ఎందరో ఉన్నారు. సిటీ పిల్లలు ఆ పేర్లకి నవ్వుతారు. ఆ నవ్వు విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఆ పేరు వెనక ఎన్ని చిన్న గోతులు తవ్వారో వాళ్ళకి తెలీదు.

ఇప్పుడు ఘానా వెళ్దాం. అక్కడి అకాన్ జనంలో బిడ్డలు వరసగా పోతున్న తల్లికి మళ్ళీ పుట్టిన బిడ్డని ‘బెజినా’ అంటారు. వచ్చి నిలబడు అని. అలాంటి బిడ్డకి కావాలని నీచమైన పేరు పెడతారు. వాటిలో ఒకటి సుమినా. వాళ్ళు మాట్లాడే ట్వీ భాషలో ఆ మాటకి చెత్తకుప్ప అని అర్థం. అంటే అచ్చంగా మన పెంటయ్య. ఇంకొకటి డోంకోర్. బయటి నుంచి కొనితెచ్చుకున్న బానిస అని. ఈ బిడ్డ మా కడుపున పుట్టినవాడు కాదు, కొనుక్కున్నవాడు, వీడితో నీకేం పని అని చావుకి చెప్పడం. తవుడిచ్చి కొన్నా, బానిస పేరు పెట్టినా చేసేది ఒకే పని. విజయనగరానికీ ఘానాలోని కుమాసీకీ మధ్య ఒక సముద్రం, ఒక ఖండం అడ్డం. ఆ తల్లులు ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడూ చూడలేదు. నైజీరియాలో యోరుబా వాళ్ళు ఇలా పుట్టి పుట్టి పోయే బిడ్డని అబికు అంటారు. వాళ్ళ పేర్లు తిట్లలా ఉండవు, బతిమాలుకున్నట్టు ఉంటాయి. కొకుమొ అంటే ఇక చావడు. మలొమొ అంటే మళ్ళీ వెళ్ళిపోకు.

విశ్వజనీనం అనే మాట వాడాలనుకునేవాళ్ళు వాడదలిస్తే ఇక్కడ వాడాలి. తల్లులందరూ బిడ్డల్ని ముద్దుచేస్తారన్నది ఏ ఊళ్ళోనూ ఎవరికీ కొత్త సంగతి కాదు. దానికోసం ఎవరూ మానుని కొట్టి, వారాల తరబడి బాడిసెతో చెక్కి, గుడిలో పెట్టి బలులివ్వరు. బిడ్డ నిలుస్తుందో లేదో తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు అన్నది వేరే సంగతి. అప్పుడే పేర్లు పుడతాయి, బొమ్మలు పుడతాయి.

అకాన్ వాళ్ళ దగ్గరే ఉన్న అకువాబా బొమ్మని మీరు చూసే ఉంటారు. పెద్ద పళ్ళెంలా గుండ్రటి చదునైన తల, ఉంగరాలు పేర్చినట్టున్న మెడ, చిన్న ఒళ్ళు. ఇప్పుడు ఎయిర్‌పోర్టుల్లో తాళంచెవి గొలుసులకి కూడా వేలాడుతోంది. అకువా అంటే బుధవారం పుట్టిన ఆడపిల్లకి పెట్టే పేరు, బా అంటే బిడ్డ. కథ ఏమిటంటే, అకువా అనే ఆమెకి పిల్లలు కలగలేదు. పూజారి చెప్పినట్టు చిన్న చెక్కబిడ్డని చేయించుకుని, నిజం బిడ్డలాగే వీపుకి గుడ్డతో కట్టుకుని తిరిగింది. ఊరంతా ‘అదిగో అకువా బిడ్డ’ అని ఎగతాళి చేసింది. ఆమె పట్టించుకోలేదు. ఆడపిల్లని కన్నది. తర్వాత ఎగతాళి చేసినవాళ్ళు కూడా అదే పని చేశారు. ఆ బొమ్మలు ఎక్కువగా ఆడపిల్ల రూపంలోనే ఉంటాయి, ఎందుకంటే అకాన్ వాళ్ళలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. ఈ బొమ్మ ‘తల్లీబిడ్డ’ జాబితాలో సాధారణంగా రాదు, ఒక్కటే ఉంటుంది కాబట్టి. నా లెక్కలో మాత్రం అది ముమ్మాటికీ తల్లీబిడ్డే. బిడ్డ చెక్కది. తల్లి రక్తమాంసాలది. మ్యూజియంవాళ్ళు బిడ్డని తెచ్చి అద్దాల పెట్టెలో పెట్టారు, తల్లి అక్కడే ఉండిపోయింది.

యోరుబా వాళ్ళ కవలల బొమ్మలు, ఇబెజీలు కూడా అంతే. యోరుబా వాళ్ళలో కవలలు పుట్టేది ప్రపంచంలోనే చాలా ఎక్కువ. పుట్టుకలో కవలలు బలహీనంగా ఉండడంతో వాళ్ళలో ఒకరు పోవడమూ ఎక్కువే ఉండేది. ఒకరు పోతే ఇఫా అనే పద్ధతిలో జోస్యం చెప్పేవాడు చెప్పినట్టు జానెడుకి కాస్త పైన ఉండే చిన్న బొమ్మని చెక్కించేవాళ్ళు. తల్లి ఆ బొమ్మకి స్నానం చేయించాలి, నోటికి ముద్ద తాకించాలి, బట్ట కట్టాలి, ఎర్ర చెక్కపొడి పూయాలి, జుట్టుకి నీలిమందు పట్టించాలి. కవలల్లో ముందు పుట్టినవాడు తైవో, వెనక పుట్టినవాడు కెహిందే. పోయినవాడి పేరు పోదు, బొమ్మకి ఉంటుంది.

ఒక ఇబెజీని నేను అద్దానికి ముక్కు ఆనించి చూశాను. ఒంటి మీది చెక్కుడు గీతలు, కాళ్ళ కడియాలు అన్నీ కొత్తగా దిద్దినట్టు స్పష్టంగా ఉన్నాయి. ముఖం మాత్రం లేదు. ముక్కు, పెదాలు, కనుబొమలు అరిగి అరిగి నున్నటి గుండ్రాయిలా అయిపోయాయి. అన్నం పెట్టి, మూతి తుడిచి, ముఖం కడిగి, మళ్ళీ అన్నం పెట్టి. చెక్క మీద ముక్కు అరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆలోచించండి. కింద చీటీలో ‘ఉపయోగించిన గుర్తులు ఉన్నాయి’ అని ఒక ముక్క రాశారు.

కాంగో నది ప్రాంతంలో లులువా వాళ్ళ దగ్గరికి వస్తే ఈ వాదన ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ ‘బ్వాంగా బ్వా చిబోలా’ అని ఒక మొక్కుబడి వ్యవస్థ ఉంది. గర్భాలు నిలవని ఆడవాళ్ళు, పసిబిడ్డలు పోయిన ఆడవాళ్ళు అందులో చేరతారు. పోయిన బిడ్డే మళ్ళీ కడుపున పడతాడని నమ్మకం, అందుకని ఈసారి వెళ్ళిపోకుండా పట్టి ఉంచాలి. మిగతావాళ్ళకి దూరంగా ఉండి, నియమాలు పాటించి, చిన్న తల్లి బొమ్మని దగ్గర పెట్టుకుంటారు. అలాంటి ఒక తల్లీబిడ్డల బొమ్మ బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. అడుగున్నర ఎత్తు కూడా ఉండదు. ముఖం, మెడ నిండా సన్నటి వంపుల పచ్చబొట్ల లాంటి గీతలు. వాళ్ళ బొమ్మల్లో బొడ్డు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ బిడ్డనీ ముందు తరాలనీ కలిపే తాడు అక్కడే కదా. నూనె, ఎర్రపొడి రాసి రాసి చెక్క నిగనిగలాడుతుంది. నిగారించే చర్మం వాళ్ళకి ఆరోగ్యానికీ మంచికీ గుర్తు.

కాంగో యోంబే వాళ్ళ పెంబా బొమ్మల గురించి రాయడానికి నాకు ఎప్పుడూ కొంచెం భయమే. మఠం వేసుకుని కూర్చున్న తల్లి. తల మీద నాయకులు పెట్టుకునే టోపీ. మెడలో దండలు, భుజాల మీద ఉబ్బెత్తు గాట్లు, కొద్దిగా తెరిచిన పెదాల మధ్య అరగదీసి సూది చేసిన పళ్ళు. ఒళ్ళో అడ్డంగా బిడ్డ. కొన్నిటిలో బిడ్డ పాలు తాగుతుంటుంది. కొన్నిటిలో కదలిక లేనట్టు, ప్రాణం లేనట్టు పడి ఉంటుంది. పెంబా అన్న మాట తెల్లసుద్దకి సంబంధించినదంటారు. ఆ సుద్ద పేరే అక్కడ చనిపోయినవాళ్ళు ఉండే లోకానికి కూడా పేరు. ఆ ఒళ్ళో ఉన్నది వస్తున్న బిడ్డో, వెళ్ళిపోయిన బిడ్డో బొమ్మని చూసి తేల్చలేం. తేల్చకుండా ఉంచడమే ఆ శిల్పి తెలివి అని నాకనిపిస్తుంది. వచ్చే దారీ పోయే దారీ ఒకటే అయిన చోట తల్లి కూర్చుని ఉంది. ఇది కూడా మాతృప్రేమేనా అంటే, అవును, దానికంటే ముందు ఇంకా చాలా ఉన్నాయి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఈ తల్లులు బిడ్డల్ని చూడకపోవడానికి చెక్కేవాళ్ళకి అంత నేర్పు లేకపోవడమే కారణం అని నమ్మేవాళ్ళు ఉన్నారు. నాతోనే ఒకాయన, బాగా చదువుకున్న మనిషి, అలా అన్నాడు. ఒకే దుంగలోంచి తీసిన బొమ్మలో దండలో ప్రతి పూసనీ విడదీసి, గాటు గాటుకీ ఉబ్బు తెచ్చి, గింజంత పళ్ళని సూదిగా చెక్కినవాడికి మెడ అంగుళం వంచడం రాదా? వాళ్ళు వద్దనుకున్నారు, అందుకే వంచలేదు. బమనా వాళ్ళలో చెక్కేది కమ్మరి కులంవాళ్ళు, తరతరాలుగా ఇనుమునీ చెక్కనీ పట్టినవాళ్ళు. చీటీల మీద ‘శిల్పి తెలియదు’ అని ఉంటుంది. ఊళ్ళో అందరికీ తెలుసు. కొనుక్కెళ్ళినవాళ్ళు అడగలేదు. ఘానాలో అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి అకాన్ వాళ్ళలోనే ఒక తెగ అయిన అసాంటేల తల్లీబిడ్డల బొమ్మల్ని చెక్కిన ఓసెయ్ బోన్సు (1900–1977) పేరు ఈ రోజు మనకి తెలుసు.

నా వాదనకి లొంగని చోటు కూడా ఒకటుంది. ఐవరీ కోస్ట్ ఉత్తరాన సెనుఫో వాళ్ళలో పాలిచ్చే తల్లి బొమ్మ కాన్పుకీ కడుపుకీ సంబంధించినది కాదు. అక్కడ మగపిల్లలు ఏళ్ళ తరబడి ‘పోరో’ దీక్షలో పెరుగుతారు. ఆ దీక్ష జరిగే పవిత్రమైన తోపు ఆదిమాతది. పిల్లలు ఆమె బిడ్డలు, తాగేది ఆమె ఇచ్చే జ్ఞానం అనే పాలు. అంటే ఆ ఒళ్ళో ఉన్న పసివాడు నిజానికి గడ్డాలొస్తున్న కుర్రాడు, ఒక ఊరు. ఇక్కడ చచ్చిపోయిన బిడ్డల భయం లేదు. కాబట్టి ఆఫ్రికా తల్లీబిడ్డల బొమ్మలన్నీ ఇదే అని నేను అనను, ఒక ఖండాన్ని ఒక వాక్యంలో ఎవరూ చుట్టలేరు. కానీ సెనుఫో తల్లి కూడా బిడ్డని చూడదు. ఆవిడకి ఇంకా పుట్టాల్సిన బిడ్డలున్నారు.

అమ్మ అన్న రెండో మాటకి వస్తాను. ఒంటికి నూనె రాసినట్టుంది అంది కదా. రాసేవాళ్ళు. జో పండగకి బొమ్మల్ని బయటికి తెచ్చేముందు కడిగేవాళ్ళు, నూనె పట్టించేవాళ్ళు, నడుముకి బట్ట చుట్టి, తలకి గుడ్డ కట్టి, పూసల దండలు వేసేవాళ్ళు. మనం దేవుడికి అభిషేకం చేసి అలంకరించినట్టే. బమనా వాళ్ళు ఆ బొమ్మల్ని ఎంతసేపైనా చూడదగ్గవి అంటారు. అక్కడ చాలా పవిత్ర వస్తువుల్ని అందరూ చూడకూడదు, చూస్తే కీడు. వీటిని మాత్రం ఆడవాళ్ళు, పిల్లలు, ఎవరైనా తనివితీరా చూడొచ్చు. అలాంటి బొమ్మలు యూరప్ కొట్లకి చేరాక చాలావాటికి బట్టలు ఊడదీశారు, పూసలు తెంపారు, పైన పేరుకున్న బలుల మట్టిని గీకి మైనం పూశారు. చెక్క వంపులు బాగా కనిపించాలని. పారిస్ క్వాయ్ బ్రాన్లీ మ్యూజియం ఒక్కదాంట్లోనే సహారాకి దక్షిణాన ఉన్న ఆఫ్రికా నుంచి వచ్చినవి దాదాపు 70 వేల వస్తువులున్నాయి. 2021లో బెనిన్ దేశానికి తిరిగిచ్చినవి 26. బుగునిలో ఈ రోజు బిడ్డ నిలవని ఆడమనిషి గ్వాన్‌దుసుని చూడాలంటే వీసా కావాలి.

తల్లీబిడ్డా అని ఇద్దర్ని లెక్కపెడతాం గానీ ఈ బొమ్మల్లో ఎప్పుడూ మూడో మనిషి ఉంది. బొమ్మకి ఎదురుగా, కింద కూర్చుని, చేతిలో కోడిపిల్లో కొంచెం ధాన్యమో పట్టుకుని. ఆ తల్లి చూపు నిలిచేది సరిగ్గా అక్కడ. మ్యూజియంలో ఆ జాగాలో మనం నిలబడతాం, ఫొటో తీసుకుని పక్క గదిలోకి వెళ్తాం.

ఇదంతా చదివి కూర్చుకోడానికి నాకు ఏళ్ళు పట్టింది. మొన్న ఫోన్‌లో అమ్మకి చెప్పాను. బొమ్మ పేరు పెట్టిన పిల్లల గురించి చెప్పగానే ఆమె తవిటయ్య తాత సంగతి ఎత్తింది. ఆయన పెళ్ళిలో వాళ్ళమ్మతోపాటు తవుడు తీసుకున్న పక్కింటామెకి కూడా తల్లి బట్టలు పెట్టారట. ఆయన ఆమెని చివరిదాకా అమ్మ అనే పిలిచాడు. ఆమె పోతే గుండు చేయించుకున్నాడు. ఇది నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

తర్వాత కాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అయితే ఆవిడ ఒళ్ళో ఉన్నది ఆవిడ పిల్ల కాదేమోనే," అంది అమ్మ. "అడగొచ్చిందాని పిల్లేమో. ఇచ్చీడానికే పట్టుకు కూకుందేమో."